నాలుక కొసన ఒక చప్పుడు

మాట పుట్టకముందే మనసులోది వినేవాడికి, తప్పు పలికిన పేరును కూడా తన పేరుగానే అందుకొని వెనక్కి తిరిగి చూసేవాడికి, శ్రీరామచంద్రుడికి ముందుగా సాష్టాంగ నమస్కారం. స్వామీ, ఎన్నో ఏళ్ళుగా నీ సన్నిధిలో పదిమందిని కూర్చోబెట్టుకొని నీ నామాలు చెప్పిస్తున్నాను. హ్రస్వం దీర్ఘమైతే దిద్దాను, ఒత్తు జారితే ఆపాను. నోటికి సంబంధించినంతవరకు నాకు తెలియనిది లేదనుకున్నాను. తెలియని చప్పుడు ఒకటుందని ఒక మనిషిని పంపి చూపించావు. నీకు స్తోత్రం. ఆ మనిషిని గురించి రాయాలని కూర్చుంటే చెయ్యి నిలవడం లేదు. నీవే నిలుపు.

పోయిన వారం బాగేపల్లి బస్టాండులో ఉన్నాను. ఒక ముసలామె బస్సు మెట్టు మీద నిలబడిన కండక్టరును అడిగింది. "గుడిబండెకు పోతాదాప్పా?"

కండక్టరు నోరు తెరవలేదు. గడ్డం కొంచెం పైకెత్తి, నాలుకను పై పళ్ళ వెనక ఆనించి లాగాడు. "త్చ్."

ముసలామె మారు మాట్లాడకుండా పక్క బస్సు వైపు నడిచింది. మా సీమలో పుట్టినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. లేదు, కాదు, వద్దు, పోదు, అన్నీ ఆ ఒక్క చప్పుడే. రెండు మూడుసార్లు వరుసగా చేస్తే అయ్యో పాపం అని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎన్నిసార్లు చేస్తామో మనకే తెలియదు.

నేనెక్కవలసిన చింతామణి బస్సు కదిలిపోయింది. నేను బెంచీ మీదే కూర్చుండిపోయాను. ఆ చప్పుడును తన నోట్లోంచి వెళ్ళగొట్టుకున్న మనిషి ఒకడుండేవాడు. మళ్ళీ దాన్నే వెతుక్కుంటూ తిరిగాడు.

ఆయన మొదటిసారి మా భజనమందిరానికి వచ్చింది ఒక శనివారం పొద్దున, పారాయణ ముగిసి ప్రసాదం పంచుతున్నప్పుడు. చింతామణిలో మా మందిరానికి వచ్చేవాళ్ళంతా నాకు తెలుసు, ఈయన కొత్త. నలభై దాటినవాడు. చేతులకు వార్నిషు వాసన. బాగేపల్లి రోడ్డులో బోరుమోటార్లకు రాగితీగ చుట్టే అంగడి ఆయనదని తరువాత తెలిసింది. పులిహోర పొట్లం తీసుకొని, తినకుండా, ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంటూ నిలబడ్డాడు. నిలబడ్డాడనడం కూడా సరికాదు. ఆయన పాదాలు ఒకచోట ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"సామీ, ఒక మాట అడుగుదునా?"

"అడుగప్పా."

"ఈడ కూచున్నోళ్ళకంతా సంస్కృతం వచ్చునా?"

"ఒకరిద్దరికి వచ్చు. మిగిలినోళ్ళకి రాదు."

"మరి తెలీని భాషని ఇంతమంది నోటికి ఎట్ల పట్టిచ్చినారు?"

భక్తితో అడిగాడనుకొని పొంగిపోయి నామమహిమ మొదలుపెట్టాను. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "అది కాదు సామీ, పద్ధతి అడుగుతాండా. దినామూ ఎంతసేపు, ఎన్నిసార్లు, మరిస్తే ఏం చేస్తారు, మనసు పారిపోతే యాడ పట్టుకోనొస్తారు, అది."

"నువ్వేం నేర్చుకోవల్ల?"

"జూలూ."

"జులై నెలలోనా?"

"నెల కాదు సామీ, భాష. దక్షిణాఫ్రికాలో మాట్లాడతారు. నేను బోరులారీ మీద పనికి పోయి ఆడ రెండేండ్లుండి వచ్చినా. ఉన్నన్నాళ్ళూ నేర్చుకోలేదు. ఇప్పుడు కావల్ల."

ఎందుకని అడిగితే పొట్లం ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఒకాయనతో మాట్లాడేది ఉండాది," అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

ఆ రోజు నాకు తెలిసినదే చెప్పాను. మా నాన్నగారు నాకు నేర్పిన పద్ధతి అది, సంత అంటారు. గురువు ఒకసారి చెప్తాడు, శిష్యుడు రెండుసార్లు అంటాడు. అర్థం అడగకూడదు, ముందు నోరు తిరగాలి. రోజూ అదే చోటు, అదే వేళ, అదే లెక్క. నడుమ తెగితే మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోకూడదు, తెగినచోటే అందుకోవాలి. మొదటినుంచి ఎత్తుకునేవాళ్ళకు మొదలు బాగా వస్తుంది, చివర ఎప్పటికీ రాదు.

ఆ చివరి మాటకు ఆయన ముఖం వెలిగింది. "మోటారు వైరు కూడా అంతే సామీ! నడమ తెగితే అంతా ఇప్పి మళ్ళా చుడతామా? తెగినకాడ్నే అతుకుతాం." వెళ్ళిపోతూ వాకిట్లోంచి మళ్ళీ వచ్చాడు. "గురువు ల్యాకుంటే?"

"లేకుండా ఎట్లప్పా?"

"క్యాసెట్టు ఉండాది. బెంగళూరులో ఫుట్‌పాత్ మీద పుస్తకంతో పాటు కొన్నా. అది ఒకసారి చెప్తే నేను రెండుసార్లు అంటా." నా జవాబు వినకుండా వెళ్ళిపోయాడు.

కన్నడ శాలెలో ఏడో తరగతితో చదువు ఆపినవాడు ఆయన. ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషును కూడబలుక్కొని, దాని గుండా జూలూలోకి దూరి, దాన్ని ఇంట్లో నేర్చుకున్న తెలుగక్షరాల్లో నోటుపుస్తకానికి ఎక్కించుకునేవాడు. ఒక పక్క మాట, ఒక పక్క అర్థం. మాటను సున్నతో మొదలుపెట్టి రాసి ఉంటే నేను కోప్పడ్డాను, సున్నతో ఏ మాటా మొదలుకాదని. "వాళ్ళకి అవుతాది సామీ, ముక్కుతోనే మొదలుపెడతారు," అన్నాడు. అప్పుడు నేను ఙ అనే అక్షరాన్ని చూపించాను. బడిలో దిద్ది, ఆ తరువాత జీవితంలో ఎవరూ వాడని అక్షరం. ఇంట్లో మూలపడిన పనిముట్టు దొరికినట్టు సంబరపడ్డాడు. "దీన్ని ఎందుకు పెట్టినారో అనుకుంటా ఉంటి. వీళ్ళకోసం పెట్టినారు!"

ఆయన అంగడిలో మోటార్లకు నంబర్లు ఉండేవి కావు. రిపేరుకు వచ్చిన ప్రతి మోటారుకూ ఒక రేకుబిళ్ళ కట్టి దానిమీద నంబరుకు బదులు ఒక జూలూ మాట రాసేవాడు. రైతు ఆ మాట గుర్తుపెట్టుకొని వచ్చి చెప్పాలి. మోటారు అంగడిలో ఉన్నన్ని రోజులు ఆ మాట ఆయన కంటిముందు ఉండేది. మోటారు నడిచి బండెక్కితే మాట వచ్చినట్టు లెక్క.

"ఏమప్పా, మా అమాంజీ అయ్యిందా?"

"రేపు రాప్పా. అమాంజీ అంటే ఏమో తెలుసునా?"

"నాకెందుకప్పా, పైరు ఎండతాండాది."

"నీళ్ళు. అమాంజీ అంటే నీళ్ళు."

"అయితే బిరీన ఇయ్యి ఆ నీళ్ళు!"

ఒకసారి ఒక రైతు మోటారుకు ఇంజా అని రాశాడు. నాలుగు రోజులు ఆయన బజారంతా "మా ఇంజా, మా ఇంజా" అని చెప్పుకొని తిరిగి, చివరికి అర్థం తెలుసుకొని అంగడి మీదికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"నా మోటారుకి కుక్క అని పేరు పెడతావా? నీకి మానం ఉండాదా?"

"ఒకటే కదప్పా పెట్టింది. రెండుంటే ఇజింజా అని పెడుతుంటి," అన్నాడు ఈయన. తిట్టుకు జవాబివ్వాలన్న ధ్యాస లేదు, పాఠం మీదే ఉంది. "చూడు, మనం కుక్కలు అని తోక పెడతాం. వాళ్ళు తలకాయ పెడతారు."

రైతు నావైపు తిరిగి, "సామీ, ఈయప్పకి మీరన్నా చెప్పండి," అన్నాడు. నేనేం చెప్పను? నవ్వు ఆపుకోలేకపోతున్నాను.

ఆ అంగడి మూల తుప్పు పట్టిన మోటారు ఒకటి పడి ఉండేది. ఎవరూ అడగడానికి రానిది. దానికీ ఒక బిళ్ళ ఉండేది, ఇమిన్వే అని. ఆ మాట ఎప్పుడు వస్తుందని నవ్వుతూ అడిగాను ఒకసారి. "అది వచ్చు," అన్నాడు. అర్థం చెప్పలేదు.

పలకరింపు మాట మాత్రం ఊళ్ళో పెద్ద గొడవే అయింది. వాళ్ళ నమస్కారం సావుబోనా. నిన్ను చూశాం అని దానికి అర్థమట. పొద్దున్నే అంగడి తలుపు తీస్తూ, దారిన పోయే పెద్దమనుషులను చూసి అలవాటు కోసం "సావుబోనా!" అనేవాడు. మా చెవికి అందులో మొదట పడేది సావే. పక్క అంగడామె నీళ్ళు చల్లుతూ అరిచేది. "పొద్దుపొద్దున్నే సావు అంటాండావే, నీ నోట్లో మన్ను పడ!" ఆయన వెంటనే, "కోపం చేసుకోవద్దమ్మా, నిన్ను చూసినా అంటాండా అంతే," అనేవాడు. "చూస్తే చూడు, గమ్మున చూడు!" అనేది ఆమె.

ఇవన్నీ రాస్తుంటే ఆయన ఉత్సాహంగా సాగిపోయినట్టు అనిపిస్తుంది. లేదు. నాకు తెలిసి నాలుగైదుసార్లు వదిలేశాడు. వదిలేసిన రోజుల్లో ఆయనను చూడలేకపోయేవాళ్ళం. బిళ్ళలకు నంబర్లు వచ్చేవి. చుట్టిన తీగ విప్పి మళ్ళీ చుట్టేవాడు. చిక్కబళ్ళాపురంలో చెవులకు పెట్టుకొని వినే సాధనాలున్న ఇంటర్నెట్ సెంటరు ఒకటుండేది, అక్కడ జూలూ రేడియో వస్తుందని ప్రతి సోమవారం పోయేవాడు. పోయి వచ్చి ఒక శనివారం నా ముందు కూలబడ్డాడు. "గంటసేపు విన్నా సామీ. నీళ్ళు, ఇల్లు, రేపు. మూడే మాటలు దొరికినాయి. ఈ జన్మకి కాదు."

"పోయిన నెల ఎన్ని దొరికినాయి?"

లెక్క పెట్టుకున్నాడు. "ఒకటి."

"యాడ తెగింది?"

"మూడో పాఠంలో."

"ఆడ్నే అందుకో," అన్నాను. లేచి వెళ్ళిపోయాడు. ఆ మంగళవారం బిళ్ళల మీద మళ్ళీ మాటలు కనిపించాయి.

ఆయన లేదు అనే తీరు కూడా చెప్పాలి. మా అందరిలా "త్చ్" అనేవాడు కాదు. రెండు చేతులూ పైకెత్తి, నోరంతా తెరిచి, ఎదుటివాడికి చెవుడేమో అన్నట్టు "లేదు!" అనేవాడు. టీ కావాలా అని అడిగినా అంతే. జనం నవ్వేవాళ్ళు. ఒకసారి ఒక చావింటికి కలిసి వెళ్ళాం. ఆడవాళ్ళు, మగవాళ్ళు "త్చ్ త్చ్" అని జాలిపడుతుంటే ఆయన చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచాడు. వీధి చివర ఎండలో నిలబడి ఉన్నాడు. అహంకారం అనుకున్నాను నేను. రాముడు నన్ను క్షమించుగాక.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం నోటుపుస్తకం పట్టుకొని మా ఇంటికే వచ్చాడు. జూలూలో మూడు పలుకులకు మన అక్షరాలు లేవని, అవి నాలుకతో చేసే చప్పుళ్ళని చెప్పాడు. రెండింటికి గుర్తులు తనే పెట్టుకున్నాడు. ఒకటి గుర్రపు డెక్క చప్పుడులాంటిది, దానికి నాడా బొమ్మ. ఇంకొకటి దవడ పక్కనుంచి లాగే చప్పుడు. ఎద్దులను అదిలించడానికి మనం చేసేది అదే, దానికి కొమ్ము బొమ్మ. ఆ రెండూ చక్కగా చేసి చూపించాడు. మూడోదాని చోట మాత్రం పుస్తకమంతటా ఖాళీ గడి గీసి వదిలాడు.

"ఇదేం చప్పుడు?"

"ఇది మనదే సామీ. మనం లేదు అనేదానికి చేసేది. వాళ్ళు లేదు అనేదానికి ఆ చప్పుడు చేసి ఎనక 'ఆ' అని కలుపుతారు."

"అయితే ఇంకేం? తెలిసిందే కదా!" అన్నాను. నేను చేసి చూపించాను. "త్చ్. ఊఁ, అను."

ఆయన నోరు తెరిచాడు. నాలుక పళ్ళ వెనకకు పోయింది. అక్కడే ఉండిపోయింది. నుదుటిమీద చెమట పట్టింది. ఎంతోమంది నత్తివాళ్ళకు నామాలు చెప్పించినవాణ్ణి, నేను వదలలేదు. మళ్ళీ అను, మళ్ళీ అను అని వెంటపడ్డాను. మా ఆవిడ లోపలినుంచి వచ్చి, "పాపం, ఆయప్పకి కండ్ల నీళ్ళొస్తాండాయి, కండ్లు కనపడవా మీకి?" అన్నాక ఆగాను. ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, అప్పుడు చెప్పాడు.

అక్కడ ఆయన పని లారీ మీద లీవరు పట్టడం. బోరులోకి దింపే ఇనుప రాడ్డును మరలో సరిగా కూర్చోబెట్టడానికి కింద ఒకాయన ఉండేవాడు. ఈయనకంటే పెద్దవాడు, జూలూ మనిషి. సాయంత్రాలు గిటారు వాయించేవాడట. ఒక రోజు రాడ్డు వేలాడుతుండగా ఆ పెద్దాయన తలెత్తి ఏదో అడిగాడు. చెయ్యి పెట్టి పట్టుకోనా అని అడుగుతున్నాడని ఈయనకు అర్థమైంది. వద్దు అనుకున్నాడు. మన అలవాటే కదా, గడ్డం పైకెత్తి "త్చ్" అన్నాడు. వద్దన్నాను కదా, చెయ్యి ఉండదు అన్న ధైర్యంతో లీవరు వదిలాడు.

"వాళ్ళు లేదు అనేటప్పుడు ఆ చప్పుడు ఎనక 'ఆ' అని కలపల్ల సామీ. ఉత్త చప్పుడు చేస్తే విసుక్కున్నట్ల. ఏం చేస్తాండావు, బిరీన కానీ అని కసిరినట్ల. ఆయన తొందరపడి చెయ్యి పెట్టేసినాడు." తన కుడిచేతి వేళ్ళు మూడు మడిచి చూపించాడు. "ఇమిన్వే అంటే వేళ్ళు."

ఆయనను చూడడానికి ఆస్పత్రికి పోవద్దు, మేం చూసుకుంటాం అన్నారట పైవాళ్ళు. ఈయన పోలేదు. ఆ పోకపోవడమే తనను కూర్చోనివ్వడం లేదన్నాడు. అక్కడే ఉండిపోయి జూలూ నేర్చుకున్న పాత పనివాడొకడు పెద్దాయన చెల్లెలి అంగడి ఫోన్ నంబరు సంపాదించి ఇచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక ఆయన అక్కడికి వస్తాడట.

"ఆ పాత పనివాడికి జూలూ వచ్చు కదా. నీ తరఫున ఆయన్నే అడగమను," అన్నాను.

నన్ను సూటిగా చూశాడు. "మంత్రం మీరు చెప్తారు సామీ. పేరు, గోత్రం మాత్రం నన్నే చెప్పమంటారు. ఎందుకు?"

నేను మజ్జిగ గ్లాసు పక్కకు జరిపాను.

"క్షమించు అనే మాట చూడండి," అని నోటుపుస్తకం నా ముందుకు తోశాడు. క్షమాపణ వేడుకుంటున్నాను అన్నదానికి వాళ్ళు రెండు మాటలు అంటారు. మొదటిది ఙి అని మొదలై, నడుమ ఖాళీ గడి, చివర లా. రెండోది ఉ, ఎద్దుకొమ్ము, లో. "ఏ చప్పుడుతో తప్పు చేసినానో ఆ చప్పుడు లేకుండా ఆ మాటే లేదు సామీ. ఇంగ యాడికి పోయేది నేను?"

ఆ తరువాత కొన్ని నెలలు నేనూ ఆయనా ఆ ఒక్క చప్పుడు మీద కూర్చున్నాం. రాలేదు. చివరికి ఒక ఆదివారం, "రాకపోయినా చేస్తా, మీరు పక్కన నిలబడండి," అని నన్ను విదేశాలకు మాట్లాడే ఫోన్ బూత్‌కు తీసుకుపోయాడు. మనకు నాలుగు గంటలు, అక్కడ పన్నెండున్నర. అద్దం తలుపు వెనక ఇద్దరమూ ఇరుక్కున్నాం. ఎవరో స్త్రీ ఎత్తింది, తరువాత బరువైన మగగొంతు వచ్చింది.

"సావుబోనా బాబా," అన్నాడు ఈయన. మనం పెద్దలను అప్పా అన్నట్టే వాళ్ళు బాబా అంటారు. తన పేరు చెప్పాడు.  బయట కుర్చీలో ఉన్న బూత్ యజమాని తల లోపలికి పెట్టి, "ఏమప్పా, అంత దూరానికి ఫోన్ చేసి సావు అంటాండావు, ఎవరన్నా పోయినారా?" అన్నాడు. నేను తలుపు మూశాను.

"ఙి..." అన్నాడు. ఆగాడు. "ఙి... ఙి..."  మెడ నరాలు ఉబ్బాయి. నేను లోపలే రామా, రామా అంటున్నాను.

అప్పుడు ఫోనులోంచి ఒక చప్పుడు వచ్చింది. చిన్నదే అయినా ఆ ఇరుకులో నాకూ స్పష్టంగా వినిపించింది. పై పళ్ళ వెనకనుంచి, నాలుక కొసతో. ఆ పెద్దాయన ఆ మాటను ముక్కలు చేసి, నెమ్మదిగా, మొత్తం పలికాడు. తరువాత ఇంకో మాట అన్నాడు. "ఫిండా."

 పిండం అన్నట్టు వినిపించింది నాకు. ఈయన కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. నాలుక కదిలింది. చప్పుడు వచ్చింది. మాట పూర్తయింది. రెండో మాట, ఎద్దుకొమ్ము మాట కూడా వచ్చింది. అటునుంచి మళ్ళీ "ఫిండా." ఈయన మళ్ళీ అన్నాడు. రెండుసార్లు. ఆ తరువాత పెద్దాయన గబగబా చాలాసేపు మాట్లాడాడు, ఫోన్ పెట్టేశాడు.

బయట రోడ్డు మీద నా చెయ్యి పట్టుకున్నాడు. "ఫిండా అంటే మళ్ళా చెప్పు అని సామీ."

"సంత చెప్పినాడప్పా నీకు! ఆయనే గురువైనాడు!" అన్నాను. నాకు ఒళ్ళు పులకరించి ఉంది.

ఆయన ముఖంలో ఆ సంతోషం లేదు. "పలకడం తప్పని మళ్ళా చెప్పమన్నాడా? ల్యాకపోతే ఒకసారి అడిగితే చాలదు, మళ్ళా అడుక్కో అన్నాడా?" పాదాలు అప్పుడే కదులుతున్నాయి. "కడాకు ఏమో చెప్పినాడు. క్షమించినాడో, తిట్టినాడో. ఒక్క ముక్క దొరకలేదు. ఇంగా నేర్చుకోవల్ల సామీ."

ప్రతి నెలా మొదటి ఆదివారం ఫోన్ చేసేవాడు. ప్రతిసారీ పెద్దాయన ఫిండా అనేవాడట, ఈయన రెండుసార్లు అనేవాడట. తరువాత వానలూ పశువులూ కొంత మాట్లాడుకునేవాళ్ళట. క్షమించాను అన్న మాట కోసం ఈయన చెవి పెట్టుకొని ఉండేవాడు. అది రాలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. నోటుపుస్తకాలు నాలుగయ్యాయి. వాటిలో ఖాళీ గడులు మాత్రం అలాగే ఉన్నాయి, పలకడం వచ్చాక కూడా.

ఒక పొద్దున అంగడిలో మోటారు విప్పుతూ విప్పుతూ ఒరిగిపోయాడు. గుండె. మేం పోయేసరికి ఒంట్లో కదలిక లేదు. ఆయన పాదాలు ఒకచోట నిలిచి ఉండడం అప్పుడే చూశాను.

పదో రోజు పిండం పెడుతుంటే నా చెవిలో ఒకటే మాట మోగింది, ఫిండా. కర్మ అయ్యాక ఆయన భార్య నోటుపుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టింది. "సామీ, ఎల్లుండి ఆదివారం. మొదటి ఆదివారం. ఆ పెద్దాయన కాచుకోనుంటాడు. ఎవరు చెప్తారు?"

"నాకు ఆ భాష రాదమ్మా."

"ఈయప్పకి మాత్రం యాడ వచ్చుండె?" అంది.

ఆదివారం నాలుగు గంటలకు అదే బూత్‌లో, అదే అద్దం తలుపు వెనక నిలబడ్డాను. నాలుగు పుస్తకాలూ తిరగేశాను. నీళ్ళున్నాయి, కుక్క ఉంది, వేళ్ళున్నాయి. చనిపోవడానికి మాట లేదు. ఆయన ఆ మాట రాసుకోలేదు. గొంతు వచ్చింది.

"సావుబోనా బాబా," అన్నాను. అందులో సావు వినిపించేది మా చెవులకే, ఆయనకు వినిపించదు.

వేరే గొంతు అని ఆయనకు తెలిసిపోయింది. ఏదో అడిగాడు, అందులో ఈయన పేరుంది. మళ్ళీ అడిగాడు, ఈసారి ఒక్క చిన్న మాట. "ఉపీ?" పుటలు తిప్పాను. ఉపీ, యాడ ఉన్నాడు.

ఎన్నో ఏళ్ళు నామాలు చెప్పించిన నోరు నాది. ఒక్క మాట రాలేదు. నాకు తెలియకుండానే నా నాలుక పై పళ్ళ వెనకకు పోయింది.

"త్చ్."

అన్నాక గాని తెలియలేదు. ఏ చప్పుడు ఆయన వేళ్ళు తీసుకుందో అదే చప్పుడు ఆయన చెవిలో వేశాను. కసిరినట్టు వింటాడు. ఫోన్ పెట్టేస్తాడు. రామా, ఏం చేశాను!

ఆయన పెట్టేయలేదు. ఊపిరి వినిపిస్తోంది.  తరువాత అటునుంచి వచ్చింది. "త్చ్." కొంచెం ఆగి, మళ్ళీ, "త్చ్." మా ఊరి చావింట్లో పెద్దవాళ్ళు అన్నట్టే.

ఆ తరువాత నెమ్మదిగా, అక్షరం అక్షరం విడదీసి, కొత్త శిష్యుడికి చెప్పినట్టు చెప్పాడు. "హంబా కాహ్లే." నేను విన్నానో లేదో అని ఇంకోసారి చెప్పాడు. ఫోన్ ఆగింది.

నాలుగో పుస్తకంలో దొరికింది. పోయినాయన రాత. *హంబా కాహ్లే: పోయేవాళ్ళకు ఉండేవాళ్ళు చెప్పేది. మంచిగా పోయిరా అని.* ఆ కింద ఇంకా చిన్న అక్షరాల్లో, *కోపం ఉంటే చెప్పరు.*

పుస్తకాలు మూసి బయటికి వచ్చాను. బూత్ యజమాని "ఏమంట సామీ?" అని అడిగాడు. డబ్బులు ఆయన చేతిలో పెట్టాను.

చదివిన మీరు ఎవరైనా సరే, ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళైనా సరే, ఒక్క క్షణం నాతో కూర్చోండి. పోయినాయన కోసం, అక్కడ రెండు వేళ్ళ చేత్తో బతికే పెద్దాయన కోసం, మన నోటినుంచి జారి ఇంకొకరికి ఇంకోలా చేరిన ప్రతి చప్పుడు కోసం. మాట అక్కరలేదు. కళ్ళు మూసుకొని నాలుక కొసను పై పళ్ళ వెనక ఆనించండి. నేను ఒకసారి అంటాను. మీరు రెండుసార్లు అనండి.